ది క్రిస్టల్ షార్డ్: చేపల తగాదాలు భేష్, డ్రాగన్ గుహ దండగ

ఫర్‌గాటెన్ రెల్మ్స్ అనే ఫాంటసీ లోకంలో వందల నవలలున్నాయి. అందులోకి కొత్తగా అడుగుపెట్టేవాళ్లకి సాధారణంగా చూపించేది ఆర్.ఎ. సాల్వటోర్ రాసిన డ్రిజ్ట్ కథలు. డ్రిజ్ట్ అంటే నేలకింద చీకట్లో బతికే నల్ల ఎల్ఫ్‌ల జాతిలో పుట్టి, వాళ్లని వదిలి పైకొచ్చినవాడు. అంతవరకూ సరే. కాకపోతే డ్రిజ్ట్ పుట్టుక, బాల్యం ఉన్నాయని చాలామంది ముందు ‘హోమ్‌ల్యాండ్’ (1990) చేతిలో పెడతారు. దానికంటే ముందే, 1988లో వచ్చిన ‘ది క్రిస్టల్ షార్డ్’తో మొదలుపెట్టడమే మేలు. ఇదేదో మహా నవల అని కాదు. రచయిత అచ్చు చూసిన మొదటి నవల ఇది, ఆ పచ్చిదనం అడుగడుగునా తెలుస్తుంది. కానీ పదిమంది రచయితలు పంచుకునే లోకంలో ఒక కథ తనకంటూ చోటు ఎలా చేసుకుంటుందో ఇందులో కనిపించినంత బాగా తర్వాతి వాటిలో కనిపించదు.

ఈ పంచుకోవడం సంగతి కాస్త చెప్పుకోవాలి, ఎందుకంటే నవల బాగోగులు రెండూ అక్కడి నుంచే వచ్చాయి. ఎడ్ గ్రీన్‌వుడ్ చిన్నతనం నుంచీ అల్లుకుంటూ వచ్చిన లోకాన్ని టీఎస్ఆర్ కంపెనీ తీసుకుని, డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అనే, ఆడేవాళ్లు తలో పాత్ర వేసే ఆటకి రంగస్థలంగా 1987లో పెట్టె రూపంలో అమ్మకానికి పెట్టింది. ఇక ఆ పటం మీద ఎవరు రాసినా ఇంకొకరి నగరాన్ని ఇష్టమొచ్చినట్టు తగలబెట్టడానికి లేదు, ఇంకొకరి రాజుని చంపడానికి లేదు. అదే ఏడాది డగ్లస్ నైల్స్ రాసిన మొదటి నవల మూన్‌షే దీవుల్లో నడిచింది. సాల్వటోర్ కూడా తన కథ అక్కడే అనుకున్నాడు. ఆ దీవులు నైల్స్‌వి కావడంతో పటంలో వాయవ్య మూలకి, స్పైన్ ఆఫ్ ద వరల్డ్ పర్వతాలకి అవతలున్న మంచు మైదానానికి జరగాల్సొచ్చింది. ముందు అనుకున్న కథలో నాయకుడు వుల్ఫ్‌గార్ అనే అనాగరిక తెగ కుర్రాడు. అతని పక్కన నిలబడడానికి నైల్స్ పాత్ర కాకుండా వేరే ఎవరైనా కావాలని ఎడిటర్ అడిగితే, ఫోన్లో అప్పటికప్పుడు పుట్టినవాడే డ్రిజ్ట్.

ఈ పుట్టుక జాడ పుస్తకంలో అలాగే ఉండిపోయింది. మూడు భాగాల్లో రెండోదాని పేరే ‘వుల్ఫ్‌గార్’. మారేది, ఎదిగేది, తలవంచి మళ్లీ తలెత్తేది అతనే. డ్రిజ్ట్ పేరు విని కొనుక్కున్నవాళ్లకి సగం దాటాక వచ్చే అసంతృప్తికి కారణం ఇదే. అతన్ని ఇక్కడ నాయకుడిగా కాక, ఊరి బయట ఉంటూ ఊరికి కాపలా కాసే మనిషిగా చూస్తే బాగుంటాడు. పగటి వెలుతురు పడని కళ్లు, ఒంటి రంగు చూడగానే తలుపులేసుకునే జనం, అయినా వాళ్లకోసమే రాత్రిళ్లు గస్తీ. గతం గురించి రెండు మూడు ముక్కలకి మించి చెప్పడు. ‘హోమ్‌ల్యాండ్’ ముందే చదివేసినవాళ్లకి ఆ మౌనంలో ఊరించేది ఏమీ మిగలదు.

ఇక ఆ మంచు మైదానం, ఐస్‌విండ్ డేల్. నవలకి ప్రాణం ఈ చోటే. మూడు సరస్సులు, పది ఊళ్లు. మేర్ డువాల్డన్ ఒడ్డున టార్గోస్, బ్రెమెన్, టెర్మలేన్, లోన్లీవుడ్. లాక్ డినెషేర్ ఒడ్డున కేర్ కోనిగ్, కేర్ డినెవల్, ఈస్ట్‌హేవెన్. రెడ్‌వాటర్స్ దగ్గర గుడ్ మీడ్, డూగన్స్ హోల్. ఏ సరస్సూ ఆనుకోకుండా, చుట్టూ గోడ కట్టుకుని మధ్యలో ఉన్నది బ్రిన్ షాండర్. వ్యాపారుల బళ్లు ఆగేది అక్కడే. ఇంత చలిలో, ఇంత దూరంలో మనుషులెందుకున్నారంటే నకిల్‌హెడ్ ట్రౌట్ అనే చేప కోసం. దాని తలకాయ ఎముక ఏనుగుదంతంలా చెక్కడానికి పనికొస్తుంది, దక్షిణాది నగరాల్లో ఆ చెక్కుడు బొమ్మలకి గిరాకీ. సరస్సు గడ్డకట్టేలోపు పట్టిందే పట్టుడు. కాబట్టి నీళ్లలో హద్దులు, హద్దుల మీద తగాదాలు, ఎవరి పడవ ఎవరి నీళ్లలోకి వచ్చిందని కొట్లాటలు. కేర్ కోనిగ్‌కీ కేర్ డినెవల్‌కీ పడదు, టార్గోస్‌కీ టెర్మలేన్‌కీ పడదు.

టండ్రా తెగలన్నీ ఒక్కటై దాడికి వస్తున్నాయని తెలిశాక పది ఊళ్ల ప్రతినిధులు సభ పెట్టుకుంటారు చూడండి, మొదటి భాగంలో అసలైన పోరాటం అదే. శత్రువు ముంచుకొస్తున్నా, పెద్ద ఊరు టార్గోస్ తరఫున కెంప్ తన లెక్క తను చూసుకుంటాడు. ఆ బిగింపుని విడగొట్టేది కత్తి కాదు. లోన్లీవుడ్ ప్రతినిధి రెజిస్ ఒక హాఫ్లింగ్, అంటే మనిషిలో సగం ఎత్తుండే జాతివాడు, ఒళ్లు వంచడం ఇష్టంలేనివాడు. అతని మెళ్లో ఉన్న కెంపు ఎదుటివాడి మనసుని మెత్తబరుస్తుంది. ఆ కెంపు ఎక్కడి నుంచి కొట్టుకొచ్చాడన్నది వేరే కథ, దాని వడ్డీ తర్వాతి పుస్తకాల్లో కట్టాల్సొస్తుంది. రాజ్యాలు, వంశాలు, జోస్యాలు లేకుండా చేపల మీద మొదలైన రాజకీయం మీద ఇంత కథ నిలబెట్టడం మొదటి నవల రాసేవాడికి చిన్న విషయం కాదు. ఉమ్మడి లోకంలో మూలకి నెట్టేస్తే వచ్చే లాభం కూడా ఇదే: ఇంకెవరూ పట్టించుకోని నేల కాబట్టి ఊళ్లు కాలిపోవచ్చు, ప్రతినిధులు చావచ్చు. ఎవరు మిగులుతారో చివరిదాకా తెలీదు.

ప్రతినాయకుడు అకర్ కెసెల్ దగ్గర రచయిత మంచి ఎత్తు వేశాడు. కెసెల్ మంత్రవిద్య సరిగ్గా అబ్బని శిష్యుడు. లస్కన్ నగరపు మంత్రగాళ్లు ఆశపెట్టి అతనిచేత గురువుని చంపించి, పని కాగానే మంచులో వదిలేసి పోతారు. చావబోతుండగా అతనికి క్రెన్షినిబోన్ అనే స్ఫటికం దొరుకుతుంది. మన జానపద కథల్లో మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉంటుంది. ఇక్కడ స్ఫటికమే మాంత్రికుడు, కెసెల్ దానికి పంజరం. సొంత బుద్ధి ఉన్న ఆ రాయికి తనను మోసే చెయ్యి కావాలి, కెసెల్‌కి తనను పొగిడే సైన్యం కావాలి. గోబ్లిన్లు, ఓర్క్‌లు, రాక్షసకాయులు చేరతారు. ఈ జోడీలో హాస్యం ఉంది, భయమూ ఉంది: అంత శక్తి చేతికొచ్చినా కెసెల్ బుర్ర మాత్రం ఎదగదు. ముందు సుఖాలు, తర్వాతే యుద్ధం. స్ఫటికానికి విసుగొస్తున్నట్టు మనకి తెలుస్తూ ఉంటుంది.

మంత్రానికి నియమాలుండడం ఈ నవలకి ఆటనుంచి వచ్చిన మంచి అలవాటు. స్ఫటికం బలం సూర్యకాంతి నుంచి వస్తుంది. అది తన రూపంలోనే పెద్ద పెద్ద గోపురాలు నిలబెట్టగలదు; ఆ గోపురం ఏ లోకంలో ఉంటే ఆ లోకంలో పుట్టినవాళ్ల కంటికి దాని తలుపు కనబడదు. ఇవన్నీ ముందే చెప్పేస్తాడు కాబట్టి చివర్లో జరిగేది మోసంలా అనిపించదు. డ్రిజ్ట్ దగ్గరున్న నల్లరాతి బొమ్మ నుంచి వచ్చే పాంథర్ గ్వెన్‌హ్వివార్‌కీ హద్దుంది. ఎక్కువసేపు ఇక్కడ నిలవదు, వెళ్లాక విశ్రాంతి కావాలి. కాబట్టి పిలవాలా వద్దా అన్నది ప్రతిసారీ నిజమైన లెక్కే.

మొత్తం పుస్తకంలో ఒక్క అధ్యాయమే చదవాలంటే సమ్మెట తయారీ చదవండి. మొదటి యుద్ధంలో వుల్ఫ్‌గార్ తన తెగ జెండా కర్రని గనులు తవ్వుకుని బతికే పొట్టి జాతి డ్వార్ఫ్‌ల పెద్ద బ్రూనార్ నెత్తిన కొడతాడు. కర్ర విరుగుతుంది, నెత్తి కాదు. బ్రూనార్ ఆ కుర్రాణ్ణి చంపకుండా ఐదేళ్ల ఒక రోజు చాకిరీకి గనుల్లో పెట్టుకుంటాడు. ఆ గడువు ముగింపుకొస్తుండగా బ్రూనార్ ఎవరికీ చెప్పకుండా, ఆ కుర్రాడికి సమ్మెట చెయ్యడానికి కొలిమి దగ్గర కూర్చుంటాడు. మిథ్రిల్‌తో తల, అడమాంటైట్‌తో కామ. తల మీద డ్వార్ఫ్ దేవుళ్ల గుర్తులు: మోరాడిన్‌ది సుత్తి, దాగలి, క్లాంగెడిన్‌వి అడ్డంగా పెట్టిన గొడ్డళ్లు, వాటిమీద రహస్యాల కాపరి డుమాథోయిన్ కొండ గుర్తు, కింది రెండింటినీ కప్పేస్తూ. తర్వాత వజ్రాల పొడి, పాత పత్రంలోని మంత్రం. ఎక్కడా తొందర లేదు. పని అయ్యాక బ్రూనార్‌లో ఏదో ఖాళీ అవుతుంది. ఇలాంటిది మళ్లీ తన చేతుల మీదుగా రాదని అతనికి తెలుసు. ‘నువ్వంటే నాకిష్టంరా’ అన్న మాట నోటితో అనలేని ముసలాడు దాన్ని లోహంతో అన్నాడు. ఆ మాట రచయిత కూడా అననివ్వలేదు, అదే మెచ్చుకోవాల్సింది.

పోరాటాల గురించి రెండు మాటలు. సాల్వటోర్ కత్తియుద్ధాన్ని ‘భీకరంగా పోరాడారు’ అని తోసెయ్యడు. ఏ చేయి పైకి లేచింది, అడుగు ఎటు పడింది, ఎదుటివాడి బరువు ఏ కాలి మీదుంది, అన్నీ చెప్తాడు. డ్రిజ్ట్‌వి రెండు వంపు కత్తులు, కాబట్టి పొడుపుకన్నా కోత ఎక్కువ, ఒకటి దెబ్బ కాస్తుంటే ఇంకోటి గాటు పెడుతుంది. పుట్టుకతో వచ్చిన చిన్న మంత్రాలు రెండు మూడున్నాయి: చీకటి గోళం, ఒళ్లు కాల్చకుండా శత్రువు చుట్టూ గీత గీసినట్టు వెలిగే ఊదా మంట. వీటిని బలానికి కాక ఎదుటివాణ్ణి బెదరగొట్టడానికి వాడతాడు. ఇక్కడిదాకా బాగుంది. వెర్‌బీగ్‌లనే రాక్షసకాయుల గుహ దగ్గరికొచ్చేసరికి ఆట పలక బయటపడుతుంది. ఒక గది, అందులో శత్రువులు, కొట్టడం, ఇంకో గది. ఇంత గోల జరుగుతుంటే పక్క గదివాళ్లు ఏం చేస్తున్నట్టు? కత్తి నేర్పే డ్రిజ్ట్, నేర్చుకునే వుల్ఫ్‌గార్, గురుశిష్యులిద్దరూ పండగ చేసుకుంటున్నట్టుంటుంది తప్ప ప్రాణాపాయం అనిపించదు.

డ్రాగన్ గుహ ఇంకా బలహీనం. తన తెగ ముందు నిలబడి సవాలు చెయ్యాలంటే వుల్ఫ్‌గార్‌కి ఒక ఘనకార్యం కావాలి, కాబట్టి తెల్ల డ్రాగన్. కథకి అవసరమేగానీ, సైన్యం ఊళ్ల మీదికి వస్తుంటే మధ్యలో ఈ దారిమళ్లింపు ఊపుని చంపేస్తుంది. పైగా అక్కడ దొరికిన వస్తువు తర్వాత రాబోయే మహారాక్షసుడితో పోరుకి సరిగ్గా అచ్చొచ్చేదే కావడం మరీ చేతివాటం.

మిగతా లోపాలు పుస్తకం వయసుకి తగ్గవే. బ్రూనార్ పెంపుడు కూతురు కాటీబ్రీ తెలివైనదని అందరూ అంటారు, ఆ తెలివి చూపించే చోటు ఆమెకి దాదాపు ఇవ్వలేదు. గోబ్లిన్లు, ఓర్క్‌లు చావడానికే పుట్టినట్టుంటాయి. రంగు చూసి డ్రిజ్ట్‌ని వెలివేసిన ఊళ్ల మీద అంత బాధపడే నవల ఈ విషయంలో రెండో ఆలోచన చెయ్యదు. ఒకే సన్నివేశంలో ముగ్గురి బుర్రల్లోకి దూకడం, నామవాచకానికి రెండేసి విశేషణాలు తగిలించడం కూడా ఉన్నాయి. వుల్ఫ్‌గార్ చాకిరీ చేసిన ఐదేళ్లని ఒక్క గెంతులో దాటేయడం మాత్రం క్షమించడం కష్టం, ఆ కుర్రాడి ద్వేషం ఎలా కరిగిందో అక్కడే కదా చూపించాల్సింది.

కొనేవాళ్లకి: పాత ముద్రణల్లో ఇది ఐస్‌విండ్ డేల్ త్రయంలో మొదటిది, తర్వాతి ‘లెజెండ్ ఆఫ్ డ్రిజ్ట్’ ముద్రణల్లో నాలుగోది. అట్ట మీద నాలుగు అంకె చూసి ముందు మూడు చదవాలేమో అనుకోనక్కర్లేదు; ఆ మూడూ తర్వాత రాసిన పూర్వకథలే. ఇంగ్లీషు కష్టమైనది కాదు, ఒక్క బ్రూనార్ మాటలే మొదట్లో తికమక పెడతాయి. డ్వార్ఫ్ యాసని ఉన్నదున్నట్టు అక్షరాల్లో పెట్టారు, గొంతు తెచ్చుకుని పైకి చదివితే దారికొస్తుంది. ఊళ్ల పేర్లు కలిసిపోకుండా ఉండాలంటే ఏ ఊరు ఏ సరస్సు దగ్గరో ఒక కాగితం మీద రాసుకోండి. చివరి యుద్ధంలో కొందరు గోడ వెనక్కి, కొందరు పడవల్లోకి చేరినప్పుడు ఆ కాగితం పనికొస్తుంది.

ఈ పుస్తకంలో మొదలైన ముప్పు ఈ పుస్తకంలోనే తీరుతుంది, ఇక్కడితో ఆపేసినా నష్టం లేదు. ముందుకెళ్తే మాత్రం రెండోది ‘స్ట్రీమ్స్ ఆఫ్ సిల్వర్’ (1989) ఒక్కటే తెచ్చుకోవద్దు. అది నట్టేట్లో వదిలేసే ముగింపు, మూడోది ‘ది హాఫ్లింగ్స్ జెమ్’ (1990) కూడా పక్కనే ఉండాలి.