ఇంటికంతటికీ ఒకే వైఫై ప్రింటర్: మూడేళ్లు వాడాక

సీసాతో సిరా నింపుకునే ఇంక్ ట్యాంక్ రకం. ప్రింట్, స్కాన్, కాపీ మూడూ చేస్తుంది. వైఫై ఉంది, ల్యాన్ కేబుల్ పెట్టే చోటు లేదు. బటన్ల పక్కన రెండు వరసల చిన్న తెర. ఏ కంపెనీదన్నది వదిలేద్దాం, ఈ తరగతి ప్రింటర్లన్నీ నెట్‌వర్క్ విషయంలో ఇంచుమించు ఒకే తాను ముక్కలు. దీన్ని రెండు విండోస్ ల్యాప్‌టాప్‌లు, ఒక మ్యాక్, ఒక ఐఫోన్, మూడు ఆండ్రాయిడ్ ఫోన్లు పంచుకుంటున్నాయి. మూడేళ్లలో తేలిందేమిటంటే, ముద్రణలో పేచీ తక్కువ, అడ్రస్‌లో పేచీ ఎక్కువ. "ప్రింటర్ ఆఫ్‌లైన్" అని కనపడగానే అందరం ప్రింటర్నే తిడతాం గానీ, చాలాసార్లు దోషం రౌటర్ ఇచ్చిన ఐపీ అడ్రస్‌ది, అంటే ఇంటి నెట్‌వర్క్‌లో ఒక్కో పరికరానికి ఇచ్చే నంబరుది.

మొదటిరోజు ఇబ్బంది వేరు. ఇలాంటి ప్రింటర్లలో చాలావాటికి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే తెలుసు. ఇప్పటి ఫైబర్ రౌటర్లు 2.4కీ 5 గిగాహెర్ట్జ్‌కీ ఒకే పేరు పెట్టి, ఏ పరికరం దేనిలో ఉండాలో తామే నిర్ణయిస్తాయి. ప్రింటర్ ఆ పేరుకి కలవబోయి మధ్యలో ఆగిపోతే, రౌటర్ సెట్టింగుల్లో స్మార్ట్ కనెక్ట్ లేదా బ్యాండ్ స్టీరింగ్ అన్నదాన్ని ఆపి, 2.4కి వేరే పేరు ఇవ్వాలి. వైఫైకి తాళం వేసే సెక్యూరిటీ పద్ధతి డబ్ల్యూపీఏ3 ఒక్కటే పెట్టి ఉంటే డబ్ల్యూపీఏ2కో, రెండూ కలిసిన మోడ్‌కో మార్చాలి. ఛానల్‌ని ఆటోలో వదలకుండా 1, 6, 11లలో ఒకటి ఎంచుకోవడం మేలు. మన దేశంలో రౌటర్లు 12, 13 కూడా వాడుకోవచ్చు, కానీ కొన్ని ప్రింటర్లకు ఆ రెండూ అసలు కనపడవు. ఒకరోజు దొరికి మర్నాడు మాయమయ్యే ప్రింటర్ల గుట్టు కొన్నిసార్లు ఇదే.

ఇక్కడ చాలామందికి ఒక అపోహ ఉంది. ప్రింటర్ 2.4లో ఉంటే ఫోన్ కూడా అందులోనే ఉండాలనుకుంటారు. అక్కర్లేదు. రౌటర్ ఒకటే అయితే ఫోన్ 5లో ఉన్నా ప్రింట్ పోతుంది.

ప్రింటర్ని వైఫైకి కలపడానికి, పాస్‌వర్డ్ కొట్టే పని లేని డబ్ల్యూపీఎస్ బటన్ అన్నిటికంటే సుళువు. రౌటర్ మీద నొక్కిన రెండు నిమిషాల్లోపు ప్రింటర్ మీద కూడా నొక్కాలి. డబ్ల్యూపీఏ3 ఒక్కటే ఉన్నప్పుడూ, నెట్‌వర్క్ పేరు దాచి ఉంచినప్పుడూ ఇది పనిచేయదు. బాణం బటన్లతో పాస్‌వర్డ్ ఒక్కో అక్షరం దిద్దడం మహా విసుగు. కంపెనీ యాప్ ఫోన్ ద్వారా పాస్‌వర్డ్ పంపించేస్తుంది, అయితే ఆ కాసేపు ఫోన్‌లో లొకేషన్, బ్లూటూత్ ఆన్‌లో ఉండాలి. పని అయ్యాక ఆ యాప్ తీసేసినా నష్టం లేదు.

ఇక అసలు సంగతి. కరెంటు పోయి వచ్చినప్పుడు చాలా ఇళ్ల రౌటర్లు ఎవరికి ఏ అడ్రస్ ఇచ్చాయో మర్చిపోతాయి. నిన్న ప్రింటర్‌ది 192.168.1.5 అయితే, ఇవాళ ముందు లేచిన ఫోన్‌కి ఆ 5 వెళ్లి ప్రింటర్‌కి 9 రావచ్చు. ల్యాప్‌టాప్ మాత్రం ఇంకా 5 దగ్గరే తలుపు తడుతూ ఉంటుంది. దీనికి మందు అడ్రస్ రిజర్వేషన్. ప్రింటర్ మెనూలో నుంచి నెట్‌వర్క్ స్టేటస్ పేజీ ప్రింట్ తీస్తే అందులో మ్యాక్ అడ్రస్ ఉంటుంది (మ్యాక్ కంప్యూటర్‌తో సంబంధం లేదు, ప్రతి పరికరానికీ ఉండే గుర్తింపు నంబరు), రెండేసి అక్షరాల చొప్పున ఆరు జతలు. బ్రౌజర్‌లో రౌటర్ అడ్రస్ కొట్టి లోపలికి వెళ్లాలి. చాలావాటికి అది 192.168.1.1, జియోఫైబర్ పెట్టెకైతే 192.168.29.1. అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ పేజీలో ఆ మ్యాక్ అడ్రస్‌కి ఒక ఐపీ కట్టేసి, ప్రింటర్ని ఒకసారి ఆపి మళ్లీ పెడితే సరిపోతుంది.

అదే పని ప్రింటర్ మెనూలో స్టాటిక్ ఐపీ, అంటే మారని అడ్రస్, ఇచ్చి కూడా చేయొచ్చు, చాలామంది అలాగే చేస్తారు. అది నచ్చదు. రేపు ఇంటర్నెట్ కంపెనీ మారితే 192.168.1 వరస పోయి 192.168.29 వరస వస్తుంది, ప్రింటర్ పాత వీధిలోనే కూర్చుంటుంది. అప్పుడు మళ్లీ ఆ చిన్న తెర, ఆ బాణం బటన్లు.

విండోస్‌లో రెండో తిరకాసు పోర్ట్, అంటే కంప్యూటర్ ప్రింటర్‌కి పని పంపే దారి. తనంతట తాను ప్రింటర్ని వెతుక్కుని పెట్టుకున్నప్పుడు విండోస్ తరచుగా డబ్ల్యూఎస్‌డీ అనే పోర్ట్ కడుతుంది. కొన్నాళ్లు బాగానే ఉంటుంది, తర్వాత ల్యాప్‌టాప్ నిద్రలేచాక ప్రింటర్ కనపడదంటుంది. సెట్టింగుల్లో ప్రింటర్స్ అండ్ స్కానర్స్‌కి వెళ్లి, యాడ్ మాన్యువల్లీ నొక్కి, టీసీపీ/ఐపీ అడ్రస్‌తో కలిపే దారి ఎంచుకుని, రిజర్వ్ చేసిన నంబరు ఇవ్వాలి. పోర్ట్ రకం 'రా' (Raw), నంబరు 9100. తర్వాత ప్రింటర్ ప్రాపర్టీస్‌లో పోర్ట్స్ ట్యాబ్ తెరిచి, కాన్ఫిగర్ పోర్ట్ నొక్కి, ఎస్ఎన్ఎంపీ స్టేటస్ ఎనేబుల్డ్ దగ్గరున్న టిక్ తీసేయాలి. ఆ టిక్ ఉంటే విండోస్ ప్రింటర్ని కుశలం అడుగుతుంది, జవాబు రాకపోతే ఎదురుగా పచ్చలైటు వెలుగుతున్నా ఆఫ్‌లైన్ అని తేల్చేస్తుంది. రిజర్వేషన్, ఈ పోర్ట్ మార్పు రెండూ చేశాక విండోస్ వైపు గొడవ దాదాపు సద్దుమణిగింది. పాత డబ్ల్యూఎస్‌డీ ప్రింటర్ని జాబితాలోంచి తీసేయడం మర్చిపోవద్దు. ఉంటే ఇంట్లో ఎవరో ఒకరు దానికే పంపుతారు.

ఫోన్ల వైపు పని తేలిక. ఐఫోన్‌కి ఎయిర్‌ప్రింట్ 2010 నుంచీ ఉంది. ఆండ్రాయిడ్‌లో 8వ వెర్షన్ నుంచి డిఫాల్ట్ ప్రింట్ సర్వీస్ సిస్టంతోనే వస్తోంది. ఇవి ప్రింటర్ని కనుక్కునేది ఇంటి నెట్‌వర్క్‌లో వేసే ఒక కేక ద్వారా. ఆ కేక రౌటర్ దాటి పోదు. కాబట్టి ప్రింటర్ గెస్ట్ నెట్‌వర్క్‌లో ఉన్నా, రౌటర్‌లో పరికరాలను ఒకదానికొకటి కనపడనివ్వని ఏపీ ఐసొలేషన్ ఆన్‌లో ఉన్నా ఫోన్‌కి వినపడదు. ఆండ్రాయిడ్‌లో ఐపీ అడ్రస్ ఇచ్చి ప్రింటర్ని కలుపుకునే వీలుంది, ఐఫోన్‌లో ఆ వీలు లేదు. మ్యాక్‌లో కూడా యాడ్ ప్రింటర్ కిటికీలో గ్లోబు గుర్తు నొక్కి ఐపీతో కలపొచ్చు.

ఫైబర్ కంపెనీ ఇచ్చిన పెట్టె హాల్లో, సొంతంగా కొన్న రౌటర్ లోపలి గదిలో ఉన్న ఇళ్లలో ఇంకో చిక్కు. రెండూ రౌటర్లుగానే పనిచేస్తుంటే అవి రెండు వేర్వేరు నెట్‌వర్క్‌లు. హాల్లో కూర్చున్న ఫోన్‌కి లోపలి ప్రింటర్ ఎన్ని జన్మలెత్తినా కనపడదు. రెండోదాన్ని వైఫై మాత్రమే పంచే యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టాలి, అంతే. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌కి కలిపే దారి) పెట్టగానే ప్రింటర్ మాయమైతే, ఇంటి నెట్‌వర్క్‌ని ఆ వీపీఎన్ మూసేసిందన్నమాట. అది ఆఫీసువాళ్ల నిర్ణయం, ఇంట్లో ఏ సెట్టింగ్ మార్చినా లాభం లేదు. వీపీఎన్ ఆపాకే ప్రింట్.

తెలుగు ఫైళ్లకు కొంచెం జాగ్రత్త కావాలి. యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో కొట్టిన పాత వర్డ్ ఫైలు ఫోన్ నుంచి పంపితే పిచ్చిగీతలే వస్తాయి, ఎందుకంటే ఆ ఫాంట్ ఫోన్‌లో లేదు. ఫాంట్ ఉన్న కంప్యూటర్‌లోనే పీడీఎఫ్ చేసి పంపాలి. యూనికోడ్ తెలుగులో ఒత్తులు విడిపోయి పడితే, అడోబీ రీడర్ ప్రింట్ కిటికీలో అడ్వాన్స్‌డ్ నొక్కి ప్రింట్ యాజ్ ఇమేజ్ పెట్టండి. నెమ్మదిస్తుంది గానీ అక్షరం చెదరదు. ఈ-ఆధార్ ఫైలుకి పాస్‌వర్డ్ ఉంటుంది, పేరులోని మొదటి 4 ఇంగ్లిషు పెద్ద అక్షరాలు, పుట్టిన సంవత్సరం. పాస్‌వర్డ్ ఉన్న ఫైలుని కొన్ని ఫోన్లు ప్రింటర్‌కి పంపలేవు, అందుకని కంప్యూటర్‌లో తెరిచి తీయడం నయం. అక్కడ ఫిట్ బదులు యాక్చువల్ సైజ్ ఎంచుకోకపోతే కార్డు కొలత తేడా వస్తుంది.

స్కానింగ్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. వైఫైలో పనిచేస్తుంది, యూఎస్‌బీ కంటే నెమ్మది, 300 డీపీఐ స్పష్టత చాలు.

సిరా సంగతి నెట్‌వర్క్‌ది కాకపోయినా చెప్పాలి. ఇంక్ ట్యాంక్‌ని వాడకుండా ఉంచడమే దానికి చేటు. మన ఎండాకాలంలో వారానికి ఒక రంగుల పేజీ అయినా పోవాలి. గీతలు పడితే ముందు నాజిల్ చెక్ (సిరా రంధ్రాలన్నీ పనిచేస్తున్నాయో చూపే పేజీ) తీయాలి, తర్వాతే సిరా చిమ్మే హెడ్ క్లీనింగ్. రెండు మూడుసార్లు చేసినా మారకపోతే ఆపి, ఓ రాత్రంతా వదిలేసి పొద్దున చూడాలి. వరసగా క్లీనింగ్ చేస్తూ పోతే సిరా ఖర్చవడమే కాదు, ఆ వాడేసిన సిరా పీల్చే లోపలి ప్యాడ్ త్వరగా నిండిపోతుంది. ఆపేటప్పుడు ప్రింటర్ మీది బటన్‌తోనే ఆపాలి. గోడ స్విచ్ కట్టేస్తే హెడ్ తన మూత దగ్గరికి చేరకుండా మధ్యలోనే ఆగి ఎండిపోతుంది. వానాకాలంలో కాగితం చెమ్మ పీల్చి మెలిపడుతుంది, ప్రింటర్ రెండేసి లాగుతుంది. 75 జీఎస్ఎం రీమ్‌ని కవరులోనే ఉంచి, ట్రేలో 20 షీట్లు మించకుండా పెట్టడం ఉపాయం.

మరో రెండు సెట్టింగులు. ఆటో పవర్ ఆఫ్ ఆపేయాలి, లేకపోతే పక్కగదిలోంచి పంపిన ప్రింట్ కోసం లేచి బటన్ నొక్కాల్సిందే. నిద్రావస్థ వేరు, అందులోంచి తనే లేస్తుంది. వైఫై డైరెక్ట్ కూడా అక్కర్లేకపోతే తీసేయాలి. ప్రింటర్ తనకంటూ ఒక వైఫై పేరు ప్రసారం చేస్తుంటుంది, అపార్ట్‌మెంట్‌లో అది పక్క ఫ్లాటువాళ్ల జాబితాలో కూడా కనపడుతుంది. ఉంచుకోదలిస్తే కనీసం పాస్‌వర్డ్ మార్చుకోవాలి.

యూఎస్‌బీ ప్రింటర్ ఇప్పటికే ఉండి, దాన్నే విండోస్ షేరింగ్‌తో పంచుకుందామనుకునేవాళ్లకి ఒక మాట. ఆ కంప్యూటర్ ఎప్పుడూ ఆన్‌లో ఉండాలి. పైగా 2021లో వచ్చిన భద్రతా అప్‌డేట్ల తర్వాత, చివర 11బి అని ఉండే ఎర్రర్ చాలామందిని సతాయించింది. రిజిస్ట్రీ మార్చి దాన్ని దాటవేసే చిట్కా చెలామణిలో ఉంది కానీ, అది తాళం తీసి తలుపు తెరిచి పెట్టడమే. నెలకి పది పేజీలు దాటని ఇంటికి ఏ ఇంక్ ట్యాంకూ కొనమని చెప్పను, వీధి చివర జిరాక్స్ షాపే చవక. ఇంట్లో బడిపిల్లలు ఉంటే లెక్క మారుతుంది. రంగులు అక్కర్లేక, ఎప్పుడో ఒకసారి తీసేవాళ్లకి వైఫై లేజర్ మంచిది, పొడి ఎండిపోదు. దాన్ని మాత్రం ఇన్వర్టర్ లైనుకి కలపొద్దు, వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది.