గర్భిణుల షుగర్‌కు ఇంటి గ్లూకోమీటరు: ఎంతవరకు నమ్మవచ్చు?

గర్భం దాల్చిన ఆరో నెలలో, 75 గ్రాముల గ్లూకోజు కలిపిన నీళ్లు తాగించి రెండు గంటల తర్వాత చేసిన పరీక్షలో నా షుగర్ 140 దాటడంతో, డాక్టరుగారు ఆహార నియమాలతోపాటు గ్లూకోమీటరు కూడా రాసిచ్చారు. మందుల షాపులో దొరికే మామూలు రకమే కొని, కాన్పు వరకు వాడాను.

మీటరు వల్ల కలిగిన అసలు మేలు భోజనం విషయంలోనే. మాయ నుంచి వెలువడే హార్మోన్లు ఇన్సులిన్‌ను సరిగా పనిచేయనివ్వకపోవడం వల్ల ఈ షుగర్ వస్తుందని డాక్టరుగారు వివరించినా, తీపి మానేస్తే చాలునని మా ఇంట్లో అందరూ అనుకున్నారు. అయితే ఇడ్లీలు తిన్న ఉదయం రెండు గంటల తర్వాత అంకె 120 దాటేది. పెసరట్టు తిన్న రోజున ఆ లోపే ఉండేది. ఇద్దరికి సరిపడా తినాలంటూ మరో గరిటె అన్నం వడ్డించే మా అత్తగారు, ఆ అంకెలు చూశాక తామే అన్నం తగ్గించి కూర ఎక్కువ పెట్టసాగారు. (డాక్టరు మాట కంటే మీటరు మాటకే మా ఇంట్లో విలువ ఎక్కువ.)

పరిమితులూ ఉన్నాయి. 100 లోపు అంకెల విషయంలో 15 మిల్లీగ్రాముల వరకు (ఈ అంకెలన్నీ డెసిలీటరు రక్తానికి మిల్లీగ్రాముల్లో) అటూ ఇటూ తేడా రావడాన్ని గ్లూకోమీటర్లకు ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 15197 అనుమతిస్తుంది. గర్భిణికి పరగడుపున 95 లోపు ఉండాలి కనుక, మీటరు 98 చూపినంత మాత్రాన హద్దు దాటినట్లు కాదు, 90 చూపినా పూర్తిగా నిశ్చింతగా ఉండలేము. మన గర్భిణుల్లో తరచుగా కనిపించే రక్తహీనత ఉంటే మీటరు అసలు కంటే ఎక్కువ చూపవచ్చు. పండు కోసిన చేతిని కడుక్కోకుండా సూది గుచ్చుకున్నా అంతే. అందుకే ఒక్క అంకెను చూసి కంగారు పడక, వారం రోజుల అంకెలన్నీ పుస్తకంలో రాసి డాక్టరుకు చూపాలి. ఇన్సులిన్ అవసరమా కాదా అన్నది తేల్చవలసింది వారే.

ఖర్చంతా స్ట్రిప్పులదే. రోజుకు నాలుగుసార్లు చూసుకోమంటే నెలకు 120 కావాలి కాబట్టి, మీటరు ధరకు ముందు స్ట్రిప్పుల ధర అడగడం మంచిది. వాటి డబ్బా మూత బిగించి ఉంచకపోతే తేమకు పాడవుతాయి. సూదిని వేలి కొనమీద కాక పక్కన గుచ్చుకుంటే నొప్పి తక్కువ.

కాన్పయ్యాక అంకెలు మామూలుకు వచ్చి మీటరును అల్మారాలో పెట్టేసినా, ఈ షుగర్ వచ్చినవారికి తర్వాతి ఏళ్లలో టైప్ 2 మధుమేహం వచ్చే అవకాశం ఎక్కువ కనుక, ఆరు వారాలకు మళ్లీ గ్లూకోజు పరీక్ష చేయించుకోవాలి.