ఫోన్ యాప్‌ను ఫ్లట్టర్‌తో బ్రౌజర్‌లో నడిపించడం: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

గోదాములో సరుకు నిల్వలు చూసుకునే యాప్ ఒకటి మా బృందం ఫ్లట్టర్‌లో (ఒకే కోడ్‌తో ఫోన్‌కూ బ్రౌజర్‌కూ యాప్ తయారుచేసే గూగుల్ టూల్‌కిట్) రాసింది. ఫోన్లో బాగా నడిచేది. ఆఫీసులో కూర్చునేవాళ్లు కంప్యూటర్లో కూడా కావాలంటే అదే కోడ్ నుంచి వెబ్ బిల్డ్ (బ్రౌజర్‌లో నడిచే రూపం) తీశాం. అప్పటి నుంచి రెండూ నేనే చూసుకుంటున్నాను. లాగిన్ అయి రోజంతా పనిచేసుకునే యాప్‌కు ఫ్లట్టర్ వెబ్ నిజంగా పనికొస్తుంది. జనం వచ్చి చదువుకుని పోయే పేజీలకు మాత్రం వద్దు.

కారణం ఒక్కటే, అది తెరను కాన్వాస్ మీద, అంటే బ్రౌజర్‌లో ఒక బొమ్మలా గీస్తుంది. 2021 మార్చిలో ఫ్లట్టర్ 2తో వెబ్ సపోర్ట్ స్టేబుల్ అయినప్పుడు, తెరను మామూలు వెబ్ పేజీ ఎలిమెంట్లతో కట్టే హెచ్‌టీఎంఎల్ రెండరర్ కూడా ఉండేది. 2025లో వచ్చిన 3.29 వెర్షన్‌లో దాన్ని తీసేశారు. దీనివల్ల పెద్ద లాభమే ఉంది: ఫోన్లో కనిపించిన స్క్రీనే క్రోమ్‌లోనూ ఫైర్‌ఫాక్స్‌లోనూ చెక్కుచెదరకుండా వస్తుంది. కానీ కంట్రోల్ ఎఫ్ నొక్కి సరుకు పేరు వెతికితే, కళ్లెదుటే ఉన్నా దొరకదు. మౌస్‌తో లాగి కాపీ చేసుకోవాలంటే ఆ భాగాన్ని సెలెక్షన్‌ఏరియా అనే విడ్జెట్‌లో (తెరను కట్టే ముక్కను ఫ్లట్టర్‌లో విడ్జెట్ అంటారు) పెట్టాలి. తెర మీది మాటలు చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కు అందాల్సిన సమాచారం మొదట ఆఫ్‌లో ఉంటుంది. చూపులేనివాళ్లు దాన్ని ఆన్ చేసే బటన్ వెతుక్కోవాల్సి రాకూడదు. యాప్ మొదలయ్యే మెయిన్ ఫంక్షన్‌లోనే, దాన్ని ఆన్ చేసే ఎన్ష్యూర్‌సెమాంటిక్స్ పిలవండి, మొదటి రోజే. ఇలాంటి పనికే వాడే మరో టూల్ రియాక్ట్ నేటివ్ వెబ్ అయితే నిజమైన హెచ్‌టీఎంఎల్ ఎలిమెంట్లనే ఇస్తుంది కాబట్టి ఈ వెతుకులాట సమస్య ఉండదు.

తెలుగు సంగతి కాస్త వివరంగా చెప్పాలి. యాప్‌లో తెలుగు ఫాంట్ పెట్టకపోయినా ఫోన్లో సిస్టమ్ ఫాంట్‌తో పని జరిగిపోతుంది. బ్రౌజర్‌లో అలా కాదు. ఫ్లట్టర్ అప్పటికప్పుడు గూగుల్ వాళ్ల నోటో ఫాంట్‌ను నెట్ నుంచి తెచ్చుకుంటుంది. అది వచ్చేదాకా ‘తలుపు గొళ్లెం’ అని ఉండాల్సిన చోట ఖాళీ డబ్బాలు వరసగా కనిపిస్తాయి. బయటి సైట్లు బ్లాక్ చేసిన ఆఫీసు నెట్‌వర్క్‌లో అవి డబ్బాలుగానే ఉండిపోతాయి. నోటో సాన్స్ తెలుగు ఫైలును ప్రాజెక్టులో పెట్టి, ప్రాజెక్టు సెట్టింగుల ఫైలైన పబ్‌స్పెక్‌లో చేర్చి, థీమ్‌లో దాని పేరు ఇస్తే తీరిపోతుంది. తెరను గీసిపెట్టే కాన్వాస్‌కిట్ ఇంజిన్ కూడా మామూలుగా బయటి నుంచే దిగుతుంది. బిల్డ్ కమాండ్‌లో ‘నో వెబ్ రిసోర్సెస్ సీడీఎన్’ ఆప్షన్ ఇస్తే మన సర్వర్ నుంచే వస్తుంది. కాన్వాస్‌కిట్ ఒక్కటే సుమారు 1.5 ఎంబీ. రోజూ వాడేవాళ్లకు బ్రౌజర్ క్యాష్‌లో ఉంటుంది కాబట్టి తెలియదు, ఒక్కసారి చూసి పోయేవాళ్లకే భారం.

స్క్రీన్ల కంటే వాటి వెనక పనికే ఎక్కువ టైమ్ పడుతుంది. ఫోన్ యాప్ అడిగితే సర్వర్ జవాబిస్తుంది, అంతే. బ్రౌజర్‌లో అయితే, సైటు ఒక డొమైన్‌లో, ఏపీఐ (యాప్‌కు డేటా ఇచ్చే సర్వర్ భాగం) ఇంకో డొమైన్‌లో ఉంటే బ్రౌజర్ ఊరికే ఒప్పుకోదు. ఆథరైజేషన్ హెడర్‌తో రిక్వెస్ట్ పంపబోతే, ముందు ఆప్షన్స్ రిక్వెస్ట్‌తో సర్వర్ అనుమతి అడుగుతుంది. జవాబులో కోర్స్ హెడర్లు (వేరే డొమైన్ నుంచి అడగడానికి సర్వర్ ఇచ్చే అనుమతి) లేకపోతే అసలు రిక్వెస్ట్ కదలదు. వేరే డొమైన్‌లోని ఫొటోలకూ మామూలుగా ఇదే కథ. అందుకే సర్వర్ చూసేవాళ్లను మొదటి నుంచీ పక్కన కూర్చోబెట్టుకోవాలి.

కోడ్‌లో ‘ప్లాట్‌ఫామ్ డాట్ ఈజ్‌ఆండ్రాయిడ్’ (ఇది ఆండ్రాయిడేనా) అని ఎక్కడ అడిగినా వెబ్‌లో ఎర్రర్ వస్తుంది. అది విడ్జెట్ బిల్డ్‌లో ఉంటే రిలీజ్‌లో ఆ చోట బూడిదరంగు పెట్టె మిగులుతుంది. ముందు కేఈజ్‌వెబ్ (బ్రౌజర్‌లో నడుస్తోందా అని చెప్పే విలువ) చెక్ చేయాలి. లింకుల్లో వచ్చే హాష్ గుర్తు పోవాలంటే పాత్ యూఆర్ఎల్ స్ట్రాటజీ పెట్టి, ఏ లింకు తెరిచినా ఇండెక్స్ ఫైలే ఇచ్చేలా సర్వర్‌ను సెట్ చేయాలి.

నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది డేటా. నెట్ లేని చోట కూడా ఎంట్రీలు రాసుకోవడమే మా యాప్‌కు ప్రాణం. ఫోన్లో డేటాబేస్ ఫైలు భద్రంగా ఉంటుంది. బ్రౌజర్‌లో డ్రిఫ్ట్ ప్యాకేజీతో ఎస్‌క్యూలైట్ డేటాబేస్ చక్కగానే నడుస్తుంది, కానీ ఆ నిల్వ మన చేతిలో ఉండదు. 2020 నుంచి ఆపిల్ బ్రౌజరైన సఫారీలో ఒక నియమం ఉంది: సఫారీ వాడిన 7 రోజుల్లో ఒక్కసారి కూడా ఆ సైటును ముట్టుకోకపోతే, స్క్రిప్టు దాచిన డేటాను తుడిచేస్తుంది. హోమ్ స్క్రీన్‌కు చేర్చుకున్న వెబ్ యాప్‌కు ఇది వర్తించదు. ఒకరి కష్టం అలా చెరిగిపోతే సమాధానం చెప్పుకోలేం. అందుకే వెబ్‌లో ప్రతి ఎంట్రీ రాసిన వెంటనే సర్వర్‌కు పంపుతున్నాం. పంపనిది ఉంటే తెర పైన ఎర్ర పట్టీ చూపిస్తున్నాం.

ఈ మధ్యకాలంలో వేగం బాగా మెరుగుపడింది. 2024 మేలో వచ్చిన ఫ్లట్టర్ 3.22 నుంచి వెబ్ అసెంబ్లీ (బ్రౌజర్‌లో వేగంగా నడిచే కోడ్ రూపం) బిల్డ్ స్టేబుల్‌గా దొరుకుతోంది. క్రోమ్ 119 నుంచి అది నడుస్తుంది, నడవని బ్రౌజర్‌కు జావాస్క్రిప్ట్ బిల్డే వెళ్తుంది. పొడవాటి జాబితాలను స్క్రోల్ చేస్తే తేడా కంటికే తెలుస్తుంది. ఫ్లట్టర్ కోడ్ రాసే భాష డార్ట్‌లోని పాత హెచ్‌టీఎంఎల్ లైబ్రరీ వాడే ప్యాకేజీ ఒక్కటున్నా ఈ బిల్డ్ అవ్వదు, కాబట్టి వాటిని ముందే ఏరి మార్చుకోండి.