ఇంట్లో కట్టుకున్న జీపుకు సీటు హీటర్లు: చాలాకాలం వాడాక నా అనుభవం

అనంతపురంలో బండి సీటుకు హీటరు ఎందుకయ్యా అని అడగని వాళ్ళు లేరు. ఏప్రిల్ వస్తే నలభై డిగ్రీలు దాటే ఊరు కాబట్టి అడగడంలో తప్పు లేదు. కానీ నాది అద్దాలు ఎత్తుకుని కూర్చునే కారు కాదు. పాత మహీంద్రా జీపు చాసిస్, ఇంజను ఉంచుకుని, వైరింగ్, సీట్లు అన్నీ ఇంటి దగ్గరే మళ్ళీ కట్టుకున్న బండి. పైన టార్పాలిన్ టాపు, పక్కల తలుపుల్లేవు. జనవరిలో తెల్లవారుజామున బయలుదేరి, 44వ నంబరు జాతీయ రహదారి మీద పెనుకొండ, బాగేపల్లి దాటి చిక్కబళ్లాపురం చేరేలోపు నడుము కొయ్యబారిపోతుంది. మా నాయనకు ముందే నడుం నొప్పి. ఆయన కోసమే ఈ కిట్టు వేయించాను. దీని మీద నాకు బాగా నమ్మకం కుదిరింది. అయితే దీనికి వచ్చే తిప్పలు అన్నీ దాదాపు ఒకే చోట, వైర్లు కలిసే దగ్గరే పుడతాయి. ఆ సంగతే వివరంగా చెప్తాను.

కిట్టులో సీటుకు రెండు ప్యాడ్లు వస్తాయి, కింద ఒకటి, వీపుకు ఒకటి. నేను కార్బన్ ఫైబర్ రకం తీసుకున్నాను. సన్న తీగ చుట్టిన రకం కూడా దొరుకుతుంది, కానీ అందులో తీగ ఒక్కచోట తెగినా ప్యాడు మొత్తం చల్లబడిపోతుంది. కార్బన్‌లో పట్టీలు పక్కపక్కన విడివిడిగా ఉంటాయి, ఒకటి పోయినా మిగతావి వేడెక్కుతాయి. ప్యాడును స్పాంజి మీద, కవరు కింద పరవాలి. సీటు కవరును లోపలికి లాగి ఇనుప రింగులతో బిగించే గాడి ఉంటుంది చూడండి, అక్కడ ప్యాడు మడత పడకూడదు. మడత పడిన చోట వేడి పోగుపడి స్పాంజి మాడుతుంది. కుషన్ పనివాడి పక్కనే నిలబడి ఈ ఒక్కటీ చూసుకోండి. కిట్టు ధర కంటే కవరు విప్పి కుట్టించిన కూలీయే నాకు ఎక్కువైంది, కాబట్టి ఆ పని రెండోసారి పడకుండా ఉండడమే లాభం.

నా ప్యాడు ఒక్కోదాని నిరోధం (కరెంటుకు అడ్డు) ఆరు ఓములు. ఇంజను నడుస్తున్నప్పుడు 14 వోల్టులు అనుకుంటే ప్యాడుకు రెండుంపావు ఆంపియర్ల పైన, రెండు సీట్లకూ కలిపి తొమ్మిది ఆంపియర్ల పైచిలుకు లాగుతుంది. హెడ్‌లైట్లు లాగినంత అన్నమాట. అందుకే పాత జీపు వైరింగ్‌లోంచి కరెంటు తీసుకోకుండా బ్యాటరీ నుంచి విడిగా రెండున్నర చదరపు మిల్లీమీటర్ల వైరు లాగించాను. బ్యాటరీకి దగ్గరలోనే 15 ఆంపియర్ల ఫ్యూజు, ఆ తర్వాత రిలే, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపి తెంపే స్విచ్. తాళం తిప్పితేనే రిలే పడుతుంది కాబట్టి స్విచ్ ఆపడం మరిచినా బ్యాటరీ దిగదు.

ఇక తిప్పల సంగతి. రెండో చలికాలం మొదట్లో డ్రైవరు సీటు విచిత్రంగా ప్రవర్తించింది. స్విచ్‌కు 'హై', 'లో' అని రెండు మెట్లుంటాయి. హైలో పెడితే కింద వేడిగా, వీపు చల్లగా. లోలో పెడితే రెండూ చల్లగా. ఎలక్ట్రీషియన్ ఓ నిమిషం చూసి, "వీపు ప్యాడు పోయింటాదన్నా, కవరు ఇప్పేద్దాం" అన్నాడు. నేను ఆగమన్నాను. ఈ కిట్టులో హైలో రెండు ప్యాడ్లకూ విడివిడిగా కరెంటు వెళ్తుంది. లోలో ఒకదాని వెనక ఒకటి గొలుసులా కలుస్తాయి, అప్పుడు మొత్తం వేడి నాలుగో వంతుకు తగ్గుతుంది. వీపు దారి ఎక్కడ తెగినా లోలో రెండూ ఆగిపోవాల్సిందే. కాబట్టి తెగింది వీపు వైపని ఖాయం. కానీ ప్యాడులోనా, బయటా? సీటు కింద చెయ్యి పెట్టి తడిమితే తెల్ల ప్లాస్టిక్ కనెక్టరు తగిలింది. సగం ఊడి వేలాడుతోంది. లోపలి పిన్నుకు పచ్చగా చిలుము పట్టింది, దాని మీద దుమ్ము గట్టిగా పేరుకుంది. సీటు ముందుకు జరిపిన ప్రతిసారీ వైరు బిర్రుగా లాగి దాన్ని ఊడదీస్తోంది. పిన్ను గీకి శుభ్రం చేసి, బిగించి, సీటు పూర్తిగా ముందుకు వచ్చినా వదులుగా ఉండేలా వైరు పెంచి, సీటు ఫ్రేముకు ప్లాస్టిక్ ట్యాగుతో కట్టాం. కవరు ఊడదీయాల్సిన అవసరమే రాలేదు.

దీనికంటే ముఖ్యమైనది ఇంకోటి. హీటరు పని చేస్తుంది కానీ గోరువెచ్చగానే ఉంటుంది అనే ఫిర్యాదు చాలామంది నోట విన్నాను. ఎడమ సీటు నాకూ అలాగే ఉండేది. మల్టీమీటర్‌తో వైరు తెగిందో లేదో చూసే బీప్ పరీక్ష చేస్తే అన్నీ బాగున్నట్టే కూస్తుంది, ఆ కూతను నమ్మకండి. ఆ పరీక్షలో పారే కరెంటు చాలా తక్కువ కాబట్టి, సన్నని పోగు ఒక్కటి అంటుకుని ఉన్నా చాలు, కూస్తుంది. ఇంజను నడుస్తూ, హీటరు హైలో ఉండగా వోల్టులు కొలవాలి. బ్యాటరీ దగ్గర 13.9, ప్యాడు కనెక్టరు దగ్గర 11.6 చూపించింది. వేడి వోల్టుల వర్గాన్ని (స్క్వేరును) బట్టి మారుతుంది కాబట్టి ఇలా 2.3 వోల్టులు పోతే వేడిలో మూడో వంతుకు దగ్గరగా పోయినట్టే. తర్వాత మీటరు ఒక కొస బ్యాటరీ మైనస్‌కు, ఇంకో కొస ప్యాడు మైనస్ వైరుకు పెట్టి చూస్తే 1.7 చూపించింది. అక్కడ సున్నాకు దగ్గరగా ఉండాలి. ఎర్త్ వైరును, అంటే ఈ మైనస్ వైరును, సీటు ఫ్రేముకు బిగించి ఉన్నారు. ఫ్రేముకు పెయింటు, కింద సీటు జరిగే పట్టాలకు గ్రీజు, బాడీకి మళ్ళీ పెయింటు. ఇన్ని అడ్డాలు దాటి కరెంటు వెనక్కి రావాలి. ప్లస్‌కు ఎంత లావు వైరు వేశామో అంతే లావు వైరు మైనస్‌కూ బ్యాటరీ దాకా వేయించాను. చుట్టి టేపు వేయకుండా వైరు కొసలకు లుగ్గులు (బోల్టు పట్టే లోహపు ముక్కలు) నొక్కించి బోల్టు బిగించాం. ఆ తర్వాత అదే ప్యాడు దగ్గర 13.4 వచ్చింది. సీటు మీద కూర్చున్న నాయనకు తేడా వెంటనే తెలిసింది, "ఇప్పుడు కదరా కాక తగుల్తాండేది" అన్నాడు.

ఫ్యూజు ఉన్నట్టుండి పోతుంటే పట్టాల కింద వైరు రాసుకుని తోలు లేచిందేమో చూడండి. పెద్ద ఫ్యూజు మాత్రం వేయొద్దు. ఫ్యూజు ఉన్నది వైరు కాలకుండా ఆపడానికి.

మనలాంటి ఎండ ప్రాంతాల్లో ఎదురయ్యే ఒక విషయం ఉంది. మార్చి నెలలో ఎండలో గంటసేపు నిలిపిన బండిలో నాయన నడుము కోసం హీటరు వేస్తే స్విచ్ లైటు వెలిగింది, ప్యాడు మాత్రం పని చేయలేదు. ప్యాడులో వేడెక్కితే తెగి, చల్లబడితే కలిసే థర్మోస్టాట్ ఉంటుంది. నల్ల రెగ్జిన్ అప్పటికే కాలిపోతుంటే అది తెగే ఉంటుంది. దాన్ని రిపేరు అనుకుని తీసి నేరుగా కలిపేయమని ఎవరైనా అంటే వినకండి. ఆ ఒక్క ముక్కే సీటు మాడకుండా కాపాడేది. నీడలో సీటు చల్లబడ్డాక మళ్ళీ వేసి చూడండి.

షుగరు ఉండి కాళ్ళూ తొడలూ మొద్దుబారిన వాళ్ళు ఉంటే హై జోలికి పోకండి. వాళ్ళకు వేడి ఎంత తగులుతోందో తెలియదు, చిన్న వేడికే ఎక్కువసేపు కూర్చుంటే చర్మం కాలుతుంది. మా నాయనకు లోలో ఓ పది నిమిషాలు, తర్వాత ఆపేస్తాం. సీటు మీద మోకాలు వేసి వెనక సామాను అందుకోవడం కూడా మానిపించాను, కార్బన్ పట్టీలు దెబ్బతినేది అక్కడే.

అద్దాలు, ఏసీ ఉన్న కారుకైతే మన జిల్లాలో ఈ ఖర్చు దండగ. టాపు జీపు ఉండి చలికాలం రాత్రి ప్రయాణాలు చేసేవాళ్ళు, నడుం నొప్పితో దూరం పోవాల్సిన వాళ్ళు మాత్రం వేయించుకోవచ్చు. కొనేటప్పుడు ప్యాడులో థర్మోస్టాట్ ఉందో లేదో అడిగి, ఇంటికి తెచ్చాక కుట్టించకముందే నాలుగు ప్యాడ్లనూ ఓములు కొలిచి రాసిపెట్టుకోండి. రేపు ఏదైనా అనుమానం వస్తే పోల్చి చూసుకోవడానికి ఆ అంకెలు చేతిలో ఉంటాయి.