పొగతోటలో కంటి పరీక్ష: గంటన్నర పట్టింది, పట్టాల్సిందే

నెల్లూరు పక్కన కోవూరులో ఇరవై ఏళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. వయసు 43. పోయిన ఏడాది నుంచి సూదిలో దారం ఎక్కించడం కష్టమైపోయింది, నల్ల జాకెట్ మీద నల్ల దారమైతే సాయంత్రం ఆరు దాటాక ముట్టుకోవడమే మానేశాను. అందరూ చత్వారం అన్నారు, నలభై దాటితే మామూలే అన్నారు. అది నిజమే. కానీ దానికి సరైన అద్దాలు చేయించుకోవడానికి నేను రెండుసార్లు డబ్బు పెట్టాల్సి వచ్చింది, ఇంకొకరికి అలా కాకూడదని ఇంత వివరంగా రాస్తున్నాను.

మొదటిసారి నెల్లూరులోనే ఒక కళ్లజోళ్ల షాపులో చూపించుకున్నాను. పరీక్ష ఉచితం అన్నారు. మెషీన్ మీద గడ్డం పెట్టించి, అందులోంచి వచ్చిన చీటీ చూసి, బోర్డు మీద రెండు లైన్లు చదివించి ఐదు నిమిషాల్లో నంబరు రాసేశారు. ఏం పని చేస్తావమ్మా అని ఒక్కరూ అడగలేదు. ఆ అద్దాలతో చేతిలో సూది బాగానే కనిపించేది గానీ కుట్టు మిషన్ పాదం దగ్గర మసక, రోజూ మధ్యాహ్నానికి తలనొప్పి. అలవాటవుతుందిలే అన్నారు, మూడు నెలలు చూశాను, అలవాటు కాలేదు. మా ఆడబిడ్డ మద్రాసు శంకర నేత్రాలయకి పోదాం రా అంది, మన వైపు కంటికి ఏమొచ్చినా అదే మాట కదా, కానీ అద్దాల నంబరు కోసం అంత దూరం ఎందుకని నెల్లూరు పొగతోటలో ఉన్న ఒక కంటి ఆసుపత్రికి వెళ్లాను.

అక్కడ ముందు అన్నీ అడిగారు. షుగర్ ఉందా, బీపీ ఉందా, ఇంట్లో ఎవరికైనా నీటికాసులు (కంటి నరం దెబ్బతినే గ్లాకోమా జబ్బు) ఉన్నాయా అని. మా నాన్నకి నీటికాసులు, ఆ సంగతి చెప్పాను. మీరూ దాచకండి, పరీక్షలో ఏమేం చూడాలో దాన్ని బట్టే ఉంటుంది. షుగర్ ఉన్నవాళ్లు ఒకటి తెలుసుకోవాలి, షుగర్ బాగా పెరిగి ఉన్నప్పుడు చూపు కూడా మారుతుంది, ఆ రోజు రాసిన నంబరు తర్వాత పనికిరాకపోవచ్చు. నా పక్కన కూర్చున్నావిడని అందుకే షుగర్ అదుపులోకి వచ్చాక రమ్మని పంపించారు.

పాత కళ్లజోడు తీసుకెళ్లడం చాలా మంచిదైంది. దాన్ని ఒక చిన్న మెషీన్‌లో పెట్టి అందులో ఏ నంబరు ఉందో చదివారు. తర్వాత నన్ను మెషీన్ దగ్గర కూర్చోబెట్టారు. లోపల రోడ్డు చివర ఒక బెలూన్ బొమ్మ ఉంటుంది, ఒకసారి మసకవుతుంది, మళ్లీ తేటపడుతుంది. కావాలనే అలా మసక చేస్తారట, కన్ను బిగబట్టి చూడకుండా వదులుగా ఉండాలని. షాపులోనూ ఇదే మెషీన్. తేడా ఎక్కడంటే, అక్కడ ఆ చీటీతోనే పని ముగిసింది, ఇక్కడ దానితో మొదలైంది.

అసలు పరీక్ష ఆ తర్వాతే. బరువుగా ఉండే గుండ్రటి ఫ్రేము పెట్టి ఒక్కో కంటికి అద్దాలు మార్చి మార్చి, ఇది బాగుందా, ముందుది బాగుందా అని అడుగుతారు. నాకు బడిలో పరీక్షలాగే టెన్షన్ వచ్చేసింది, తప్పు చెప్తానేమోనని కనిపించని అక్షరాలు కూడా ఊహించి చదివాను. ఆ అమ్మాయి ఆగి, "అక్కా, ఇందులో పాసు ఫెయిలు లేదు, రెండూ ఒకేలా ఉంటే ఒకేలా ఉన్నాయనే చెప్పండి, ఊహించి చెప్తే మీకే తప్పు అద్దం వస్తుంది" అంది. నాకు ఆ మాట ఎంతో మేలు చేసింది. ఇంకోటి కూడా చెప్పింది. అక్షరం తేటగా కనిపించడం వేరు, చిన్నదై నల్లగా కనిపించడం వేరు. నల్లగా ఉంది కదా అని బాగుంది అనేస్తే మైనస్ పవర్ ఎక్కువ పడుతుందట. ఎరుపు, ఆకుపచ్చ వెలుగుల మీద అక్షరాలు చూపించి ఏ వైపు ముదురుగా ఉన్నాయని అడిగేది కూడా ఆ సంగతి తేల్చడానికే. నా ఎడమ కంటికి కొంచెం సిలిండర్ పవర్ (కంటి వంపు అన్ని వైపులా ఒకేలా లేనప్పుడు వేసేది) ఉంది, షాపులో అది వేయనే లేదు.

చదువు రానివాళ్లు మొహమాటపడక్కర్లేదు. నా ముందు ఒక పెద్దావిడ నాకు అక్షరాలు రావమ్మా అని లేవబోతే, చేతికి ఇంగ్లీషు E అక్షరం ఆకారంలో ఉన్న ప్లాస్టిక్ ముక్క ఇచ్చారు, బోర్డు మీది గుర్తు ఎటు తిరిగి ఉంటే చేతిలోది అటు తిప్పి చూపించమన్నారు. ఎంత ఓపికగా చేయించారో.

దగ్గర చూపు చూసేటప్పుడు నేను కుట్టుపని అని చెప్తే, మామూలుగా పెట్టే 40 సెంటీమీటర్ల దగ్గరే ఆగలేదు. మిషన్ ముందు కూర్చున్నట్టు కూర్చోమని, గుడ్డ ఎంత దూరంలో ఉంటుందో చేత్తో చూపించమన్నారు. నేను సంచిలో సూది దారం తీసుకెళ్లాను, అది కూడా ఎక్కించి చూశాను. పాత అద్దాల్లో దగ్గరికి 2.00 పవర్ ఇచ్చారు, నాకు కావాల్సింది 1.25 మాత్రమే. ఎక్కువ ఇస్తే మంచిదే అనుకుంటాం, కాదు, పవర్ ఎక్కువైతే స్పష్టంగా కనిపించే దూరం ముఖం దగ్గరికి జరిగిపోతుంది. మిషన్ పాదం దగ్గర మసక అందుకే. ఆ ఫ్రేముతోనే పది నిమిషాలు వరండాలో నడిపించి, కిటికీలోంచి రోడ్డు చూడమని, తల తిరగట్లేదని చెప్పాకే చీటీ రాశారు.

కంట్లోకి గాలి కొట్టే పరీక్షకి ఉలిక్కిపడతాం గానీ నొప్పి ఉండదు. కంటి లోపలి ప్రెషర్ 10 నుంచి 21 వరకు మామూలు, నాకు 15. ప్రెషర్ బాగున్నా నీటికాసులు ఉండొచ్చట, అందుకని కంటి వెనక నరం చూడాలని చుక్కల మందు వేశారు. నాకు ఇబ్బంది అయింది ఇక్కడే. ఫోన్ చేసినప్పుడు చుక్కలు వేస్తారని ఒక్క మాట చెప్పలేదు, నేను స్కూటీ మీద వెళ్లాను. అరగంటకి కనుపాప పెద్దదై దగ్గరిది ఏదీ కనపడదు, ఎండలోకి వస్తే కళ్లు తెరవలేం, అలా నాలుగైదు గంటలు ఉంటుంది. పెన్నా వంతెన మీద లారీల మధ్య ఆ కళ్లతో బండి నడపడం మాటలా? మా మరిది వచ్చి తీసుకెళ్లాడు. వాళ్లు ఇది సరిచేసుకోవాలి. సోమవారం కాబట్టి రద్దీ కూడా ఎక్కువే, పరీక్షకి పట్టిన గంటన్నర కాక ముందు ఇంకో గంట కూర్చున్నాను.

ఫీజు 300. అద్దాలు ఇక్కడే చేయించుకోవాలని బలవంతం లేదు. అద్దాలు సరిగ్గా అమర్చడానికి కావాల్సిన రెండు కనుపాపల మధ్య దూరం చీటీలో రాసి ఉండదు, అడిగితే కొలిచి రాసిచ్చారు, నాది 61 మిల్లీమీటర్లు. గీత లేని ప్రోగ్రెసివ్ అద్దాలు తీసుకునేవాళ్లైతే ఫ్రేము పెట్టుకుని ఉండగా కనుపాప ఎక్కడొస్తుందో పెన్నుతో గుర్తు పెట్టించుకోండి. నాకు కింద వెడల్పుగా కనిపించాలి, అందుకే పైన దూరానికి, కింద దగ్గరికి ఉండే గీత ఉన్న బైఫోకల్ తీసుకున్నాను. అద్దాలు వచ్చాక మళ్లీ ఆసుపత్రికి వెళ్తే మెషీన్‌లో పెట్టి చీటీతో సరిచూసి ఇచ్చారు, దానికి డబ్బు తీసుకోలేదు. నెల దాటింది, తలనొప్పి రాలేదు, రాత్రి ఎనిమిదికి కూడా హెమ్మింగ్ చేస్తున్నాను. వచ్చే వారం మా అత్తయ్యని తీసుకెళ్తున్నాను, ఈసారి ఆటోలో.