మలేషియా డీఈ రంతావ్ పాస్: పది నెలలు ఉన్నాక నా రివ్యూ

రిమోట్‌గా పనిచేసేవాళ్ళు కొన్నాళ్ళు వచ్చి ఉండడానికి మలేషియా ఇచ్చే పాస్ ఇది. ముందే చెప్పేస్తా, ఐదుకి నాలుగు ఇస్తాను. మాది శ్రీకాకుళం, కంపెనీ హైదరాబాద్‌ది, జాబ్ పూర్తిగా రిమోట్. థాయ్‌లాండా బాలీనా మలేషియానా అని చాలామంది అడుగుతున్నారు, మిగతా రెండు చోట్లా నేను ఉండి చూడలేదు కాబట్టి కౌలాలంపూర్ గురించే రాస్తున్నా.

ఈ పాస్ 2022 అక్టోబర్‌లో మొదలైంది. బయటి దేశం కంపెనీకి పనిచేస్తూ ఇక్కడ మూడు నెలల నుంచి పన్నెండు నెలల దాకా ఉండొచ్చు, తర్వాత ఇంకో పన్నెండు నెలలు రెన్యూవల్ అడగొచ్చు. ఐటీ వాళ్ళకి ఏడాదికి 24,000 డాలర్ల ఆదాయం చూపించాలి, ఐటీ కాకపోతే 60,000 డాలర్లు, అక్కడే చాలామంది ఆగిపోతారు. ఫీజు వెయ్యి రింగిట్లు, భార్యాపిల్లల్ని తెచ్చుకుంటే మనిషికి ఇంకో ఐదొందలు, పైన టాక్స్. అప్లికేషన్ అంతా ఆన్‌లైనే, పే స్లిప్పులు, బ్యాంక్ స్టేట్‌మెంట్లు, కంపెనీ కాంట్రాక్ట్, పాస్‌పోర్ట్ ఖాళీ పేజీలతో సహా మొత్తం స్కాన్ చేసి పెట్టా, ఏడు వారాల్లో అప్రూవల్ వచ్చింది. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, ఇక్కడి కంపెనీలో ఉద్యోగానికి చేరడానికి ఈ పాస్ పనికిరాదు.

నాకు అన్నిటికన్నా నచ్చింది టైమ్. ఇక్కడ మనకన్నా రెండున్నర గంటలు ముందు. హైదరాబాద్‌లో తొమ్మిదిన్నరకి స్టాండప్, అదే రోజువారీ టీమ్ మీటింగ్, అంటే నాకు మధ్యాహ్నం పన్నెండు, అంటే పొద్దున్నంతా నాదే, ఈత కొట్టి వంట చేసుకుని బట్టలు ఉతుక్కుని అప్పుడు లాప్‌టాప్ తెరుస్తా. హైదరాబాద్‌లో ఆ టైమంతా ట్రాఫిక్‌లో పోయేది. పని అయ్యేసరికి రాత్రి తొమ్మిది అవుతుంది కానీ మమాక్ హోటళ్ళు, అంటే ఇక్కడి తమిళ ముస్లింల హోటళ్ళు, చాలావరకు రాత్రంతా తెరిచే ఉంటాయి, పరాటా లాంటి వేడి రోటి చనాయ్, పప్పు, ఒక తే తారిక్, ఇక్కడి టీ అన్నమాట, పైనుంచి సాగదీసి పోస్తారు. అమెరికా క్లయింట్ ఉన్నవాళ్ళు మాత్రం బాగా ఆలోచించుకోండి, న్యూయార్క్‌లో పొద్దున్న తొమ్మిదంటే ఎండాకాలంలో ఇక్కడ రాత్రి తొమ్మిది, చలికాలంలో పది.

శాకాహారులకి ఒక మాట, నాసి లెమాక్ అనే కొబ్బరిపాల అన్నంలో మాంసం ముక్క కనపడలేదని తినేయకండి, దానితో ఇచ్చే సంబల్ అనే మిరపకాయ పచ్చడిలో ఎండు నెత్తళ్ళు ఉంటాయి, బెలచాన్ అని రొయ్యల ముద్ద కూడా వేస్తారు. అడిగి తినండి. ఇక్కడి లిటిల్ ఇండియా అయిన బ్రిక్‌ఫీల్డ్స్‌లో అరిటాకు భోజనం మాత్రం నిశ్చింతగా తినొచ్చు, కరివేపాకు, పప్పులు, బియ్యం అన్నీ అక్కడే దొరుకుతాయి, కేఎల్ సెంట్రల్ స్టేషన్ నుంచి నడిచి వెళ్ళిపోవచ్చు.

ఇక ఒక మార్కు ఎందుకు తగ్గించానంటే, పాస్ చేతికొచ్చినా ఇల్లు, బ్యాంకు, టాక్స్ ఇవన్నీ మనమే పడాలి. ఇంటికి అద్దె 1,700 రింగిట్లు అంటే ఆ డబ్బు పట్టుకెళ్తే సరిపోదు, రెండు నెలల డిపాజిట్, కరెంటు నీళ్ళకి ఇంకో అరనెల, మొదటి నెల అద్దె, మొత్తం 5,950. రింగిట్‌కి ఇరవై రూపాయలేసుకున్నా లక్షా పంతొమ్మిది వేలు, చేరిన వారంలోనే. నేను మొదట చూసిన ఇంటికి ఒక ఏజెంట్ బుకింగ్ డబ్బు తీసుకుని, పాస్ ఏడాదికే ఉందని ఓనర్ ఒప్పుకోలేదన్నాడు, ఆ డబ్బు వెనక్కి రావడానికి మూడు వారాలు పట్టింది, ఆ మూడు వారాలూ నాకు నిద్ర లేదు. కాబట్టి ఏజెంట్ మెడలో రెన్ నంబర్, అంటే ఇళ్ళ ఏజెంట్ల రిజిస్ట్రేషన్ నంబర్, ఉన్న ట్యాగ్ ఉందో లేదో చూడండి, దాని మీద క్యూఆర్ ఉంటుంది, స్కాన్ చేయండి, రసీదు లేకుండా రూపాయి ఇవ్వకండి, అగ్రిమెంట్‌కి స్టాంపింగ్ అయ్యేదాకా వదలకండి. బ్యాంకులో కూడా ఒక బ్రాంచ్ వాళ్ళు కుదరదన్నారు, ఇంకో బ్యాంకు అదే పాస్, అదే అగ్రిమెంట్ చూసి అకౌంట్ తెరిచింది. టాక్స్ సంగతి వచ్చేముందే మీ సీఏని అడగండి, ఏడాదిలో 182 రోజులు నిండితే ఇక్కడ టాక్స్ రెసిడెంట్ లెక్కలోకి వస్తారు, రెండు దేశాల మధ్య డబుల్ టాక్స్ ఒప్పందం ఉంది గానీ మీ జీతానికి అదెలా వర్తిస్తుందో కాగితం మీద రాయించుకోండి.

రంతావ్ అంటే మలయ్‌లో సొంతూరు వదిలి బతకడానికి వెళ్ళే చోటు. ఆ మాట నాకు అర్థమైంది లిఫ్ట్‌లో. అమ్మతో ఫోన్ మాట్లాడుతుంటే పక్కనున్న పెద్దావిడ "ఏ ఊరు బాబూ మీది" అంది, అచ్చం మా ఊరి యాసలో. వాళ్ళ తాత శ్రీకాకుళం వైపు నుంచి పేరాక్‌లో కొబ్బరి ఎస్టేట్ పనికి వచ్చాడట, ఆవిడ పుట్టింది ఇక్కడే, శ్రీకాకుళం ఎప్పుడూ చూడలేదు. ఇక్కడ 1955 నుంచి తెలుగు సంఘం ఉందని కూడా ఆవిడే చెప్పింది. ఇప్పుడు మామ్మగారూ అంటాను, కనపడితే చాలు "ఏటి తిన్నావు బాబూ" అని అడుగుతుంది. నేను ఇక్కడ ఒంటరిగా ఉన్నానన్న భయం మా అమ్మకి అప్పుడు పోయింది.

పాస్ వచ్చాక వచ్చి ఇల్లు వెతుక్కోకండి. 2023 డిసెంబర్ నుంచి మనవాళ్ళకి వీసా లేకుండా 30 రోజులు రానిస్తున్నారు, ఇంకా ఉందో లేదో చూసుకుని, ఒకసారి సెలవు పెట్టుకుని వచ్చి ఇళ్ళు చూడండి, ఏరియాల్లో సాయంత్రం నాలుగింటి వానలో నడిచి చూడండి, ఎల్‌ఆర్‌టీ అనే సిటీ రైలు స్టేషన్ ఎంత దూరమో అప్పుడే తెలుస్తుంది. నేను అలా చేయలేదు, అందుకే ఇల్లు ఒకసారి మారాల్సొచ్చింది. రెన్యూవల్‌కి కాగితాలు మళ్ళీ స్కాన్ చేస్తున్నా, ఈసారి అమ్మని ఒక నెల తీసుకొచ్చి మామ్మగారికి చూపించాలి.