ఒకే ల్యాప్‌టాప్‌లో విండోస్, ఉబుంటు: ఐదేళ్లు వాడాక ఫైళ్ల పేర్ల సంగతి

నాది డీటీపీ (కంప్యూటర్లో పేజీలు కూర్చే) పని. అను ఫాంట్లు, పేజ్‌మేకర్ కోసం విండోస్ తప్పదు, మిగతావన్నీ ఉబుంటులో (లినక్స్‌లో ఒక రకం). ఫైళ్లు మాత్రం రెండిటికీ ఉమ్మడిగా ఒక ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ డిస్కులో ఫైళ్లు దాచుకునే పద్ధతి) డ్రైవ్‌లో. ఐదేళ్లుగా ఇదే ఏర్పాటు. డ్రైవ్ పెద్దగా ఇబ్బంది పెట్టలేదు (విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి, లేకపోతే ఉబుంటులో ఫైళ్లు తెరుచుకుంటాయి గానీ సేవ్ కావు). ఏడిపించినవి పేర్లే.

లినక్స్‌కి పేర్ల పట్టింపు తక్కువ, స్లాష్ ఒక్కటి లేకపోతే చాలు. విండోస్‌కి కోలన్ వద్దు, ప్రశ్నార్థకం వద్దు, నక్షత్రం వద్దు, డబుల్ కోట్స్ వద్దు, పేరు చివర చుక్క గానీ ఖాళీ గానీ ఉన్నా ఒప్పుకోదు. ఒకసారి శుభలేఖ పనిలో ఉబుంటులో ఉండగా ఫైలుకి "ముహూర్తం ఉ. 10:32" అనీ, పెళ్లికూతురి ఫొటోల ఫోల్డర్‌కి "చి.ల.సౌ." అనీ పేర్లు పెట్టేశాను. మర్నాడు విండోస్‌లో చూస్తే రెండూ కనిపిస్తున్నాయి, ఒక్కటీ తెరుచుకోదు, పేరు మార్చనివ్వదు. పార్టీ ఎదురుగా కూర్చుని ఉన్నారు, నాకేమో టెన్షన్. మళ్లీ ఉబుంటులోకి వెళ్లి పేర్లు మారిస్తే గానీ పని కాలేదు. తప్పు నాదే అనుకోండి.

దీనికి మందు మూడేళ్ల తర్వాత దొరికింది. ఏ డ్రైవ్‌ని ఎలా తెరవాలో ఉబుంటు చూసుకునే ఎఫ్‌స్టాబ్ అనే ఫైల్లో ఆ డ్రైవ్ లైన్‌కి విండోస్_నేమ్స్ అనే ఆప్షన్ (ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో) చేర్చాను. విండోస్ ఒప్పుకోని పేరు పెడితే ఇక ఉబుంటే అక్కడికక్కడ కుదరదంటుంది, పాతవాటిని మాత్రం చదవనిస్తుంది, పేరు మార్చుకోనిస్తుంది. ఇది మొదటి నుంచే ఆన్ చేసి ఎందుకివ్వరో నాకర్థం కాదు. అయితే ఒకే ఫోల్డర్‌లో లోగో అనే పేరుతో పెద్ద ఎల్ ఫైలు ఒకటి, చిన్న ఎల్ ఫైలు ఒకటి ఉంటే ఇది ఆపదు. లినక్స్‌కి అవి రెండు, విండోస్‌లో ఏది నొక్కినా ఒకటే తెరుచుకుంటుంది.

తెలుగు పేర్లతో ఇంకో చిక్కుంది, దీని గురించి ఎవరూ చెప్పరు. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో పేరు 255 అక్షరాల దాకా ఉండొచ్చు, ఉబుంటులో మన సొంత ఫైళ్ల ఫోల్డరైన హోమ్ ఉండే ఈఎక్స్‌టీ4 (లినక్స్ ఫైళ్లు దాచుకునే పద్ధతి) మాత్రం 255 బైట్లు లెక్కపెడుతుంది. యూనికోడ్ తెలుగులో అక్షరం, గుణింతం గుర్తు, పొల్లు ఒక్కోటీ మూడు బైట్లు, అంటే "శ్రీ" ఒక్కటే 12 బైట్లు తింటుంది! లెక్కేస్తే మనకి దక్కేవి 85. పొడుగాటి వార్తా శీర్షికతో విండోస్‌లో సేవ్ చేసిన పీడీఎఫ్‌ని హోమ్‌లోకి కాపీ చేయబోతే పేరు మరీ పెద్దదని తిప్పికొడుతుంది. మొదటిసారి డిస్కు పాడైందేమోనని గంటసేపు వెతుక్కున్నాను.

అన్నిటికంటే మొండిది కంటికి కనబడని జడ్‌డబ్ల్యూఎన్‌జే, అక్షరాలు కలిసిపోకుండా మధ్యలో పెట్టే గుర్తు. "సాఫ్ట్‌వేర్" లాంటి మాటలో పొల్లు విడిగా ఉండాలని కీబోర్డు దాన్ని పెడుతుంది. విండోస్ కీబోర్డుతో ఒకలా, ఉబుంటు కీబోర్డుతో ఇంకోలా కొడితే చూడ్డానికి ఒకేలా ఉన్న పేరుతో రెండు ఫైళ్లు పక్కపక్కనే తయారవుతాయి, సెర్చ్‌లో ఒకటి దొరికితే రెండోది దొరకదు. దీనికి మాత్రం ఏ ఆప్షనూ కనబడలేదు నాకు. పార్టీ ఇంటిపేరు, తేదీ ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో పెట్టుకుని కానిచ్చేస్తున్నాను. తేదీలో స్లాష్ బదులు గీత, ఎందుకంటే స్లాష్ రెండు ఓఎస్‌లకీ పడదు. ఆ ఒక్క విషయంలో మాత్రం వాటికి భలే కుదిరింది.